వంట నూనె సర్వేకి ఫోన్ పట్టుకుని తెలుగిళ్లకు వెళ్లేముందు

బెంగళూరులోని తెలుగిళ్లలో ఏ నూనె వాడుతున్నారు, నెలకు ఎంత అవుతోంది, బ్రాండ్ ఎందుకు మారుస్తున్నారు? సర్వే పైకి తేలికే. ఫోన్‌లో ఫారం, సంచిలో పవర్ బ్యాంక్, నలుగురు కుర్రాళ్లు ఉంటే చాలనిపిస్తుంది. తీరా లెక్క తీస్తే ఒక్కో ఇల్లు నెలకు పదమూడున్నర లీటర్లు తాగుతున్నట్టు వస్తుంది. కాగితం రోజుల్లో కొట్టివేతలు కనబడేవి, మధ్యలో పెన్ను మారితే తెలిసిపోయేది. ఫోన్‌లో తప్పు కూడా ఒప్పంత శుభ్రంగా ఉంటుంది. అందుకే ఈ పనిలో సగానికి పైగా శ్రమ వీధిలోకి దిగకముందే పడాలి.

ఎన్ని ఇళ్లు

95 శాతం నమ్మకంతో (అంటే వంద సర్వేలు చేస్తే 95 సార్లు అసలు అంకె ఆ హద్దులోనే పడేలా), అటూ ఇటూ 5 శాతం తేడా చాలనుకుంటే 385 ఇళ్లు. 3 శాతానికి దించాలంటే 1,068. పది శాతమైనా పర్లేదంటే 97. ఈ మూడు అంకెలూ చాలామందికి కంఠస్థమే. బోల్తా పడేది ఆ తర్వాత. 385 ఇళ్లు తిరిగి, వాటిని మారతహళ్లి వైపు, ఎలక్ట్రానిక్ సిటీ, యలహంక, పాత పేట అని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో ముక్కలో మిగిలేవి 96. అక్కడ తేడా మళ్లీ పది శాతానికి పోయింది. ఒకచోట పొద్దుతిరుగుడు 42 శాతం, ఇంకోచోట 36 శాతం అని స్లయిడ్ మీద బాణం గుర్తు పెట్టొచ్చు గానీ, అది తేడా కింద లెక్క కాదు. ప్రాంతాలవారీగా పోల్చాలన్నది ముందే తెలిస్తే ఒక్కో ప్రాంతానికీ విడిగా లెక్క వేసుకోవాలి.

ఇంకో సంగతి. ఒకే అపార్ట్‌మెంట్‌లో పది ఇళ్లు చేస్తే అవి పదిళ్లంత కొత్త సమాచారం ఇవ్వవు. పక్కపక్క ఇళ్లవాళ్లు ఒకే సూపర్ మార్కెట్‌లో కొంటారు, ఒకే ఆఫర్ చూస్తారు. ఇలా గుంపులుగా ఎంచుకున్నప్పుడు కనీసం ఒకటిన్నర రెట్లు పెంచడం మంచిది: 385 కాస్తా 578 అవుతుంది.

సంఖ్య పెంచితే అన్నీ సర్దుకుంటాయని మాత్రం అనుకోవద్దు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో లిటరరీ డైజెస్ట్ పత్రికకు 20 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. అయినా ఓడబోయే అభ్యర్థి గెలుస్తాడని చెప్పింది. వాళ్లు ఎక్కువగా అడిగింది ఫోన్లూ కార్లూ ఉన్నవాళ్లని. అంతకంటే ఎన్నో రెట్లు తక్కువ మందిని అడిగిన సర్వేల నిపుణుడు జార్జ్ గాలప్ గెలిచేదెవరో సరిగ్గా చెప్పాడు. తెలుగు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో లింక్ వేసి రెండు వేల ఫారాలు తెచ్చుకోవడం కూడా ఆ బాపతే. వైట్‌ఫీల్డ్ సాఫ్ట్‌వేర్ కుటుంబాల సంగతి తెలుస్తుంది, అంతే.

తలుపు ఎంచుకోవడం

ఇండిపెండెంట్ ఇళ్ల వీధిలో ఒక మొదలు గుర్తు పెట్టుకుని (గుడి, బస్టాపు, పాల బూత్ ఏదైనా సరే) కుడిచేతి వైపే నడుస్తూ ప్రతి అయిదో తలుపు తట్టాలి. ఇల్లు కాదు, తలుపు. బెంగళూరులో ముప్పై అడుగులకు నలభై అడుగుల స్థలంలో నాలుగంతస్తులు లేపి అంతస్తుకో కుటుంబాన్ని పెట్టడం మామూలే. మెట్లెక్కడానికి బద్ధకించి కింది పోర్షన్‌తో సరిపెడితే పైన ఉండే అద్దె ఇళ్లవాళ్లు సర్వేలోంచే మాయమవుతారు. కింది అంతస్తు నుంచి పైకి తలుపులు లెక్కపెట్టుకుంటూ వెళ్లి, అయిదోది ఎక్కడ పడితే అక్కడ ఆగాలి. వంటిల్లు లేని పీజీలను (పేయింగ్ గెస్ట్ హాస్టళ్లను) లెక్కలోంచి తీసేయండి. కె.ఆర్.పురం, బొమ్మనహళ్లి, బీటీఎం వైపు ఇవి వీధికి రెండు మూడు తగులుతాయి.

చిరునామా రాసేటప్పుడు లేఅవుట్ పేరు, స్టేజ్ లేదా ఫేజ్, ఆ తర్వాతే మెయిన్ (పెద్ద వీధి), క్రాస్ (అడ్డవీధి). ఒట్టి ‘7వ క్రాస్’ అని రాసుకుంటే తిరిగి ఆ ఇల్లు పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ప్రతి లేఅవుట్‌కీ ఒక 7వ క్రాస్ ఉంటుంది. వార్డు నంబర్లనూ నమ్ముకోకండి. 2025లో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద నగరం అయిదు కార్పొరేషన్లయింది. పాత జాబితా ఒకటి, కొత్తది ఒకటి పక్కపక్కన పెట్టుకుని పనిచేసే జట్టు ఒకే వీధిని రెండుసార్లు తిరుగుతుంది.

పెద్ద అపార్ట్‌మెంట్లలో పద్ధతి వేరు. ముందు అసోసియేషన్‌కి ఉత్తరం ఇవ్వాలి. అందులో తేదీలు, వచ్చేవాళ్ల పేర్లు, ఎన్ని ఫ్లాట్లు, ఎంతసేపు అన్నవి రాసి ఉండాలి. గేట్ యాప్‌లో ఎంట్రీ వాళ్ల చేతే పెట్టించుకోవాలి. లేదంటే సెక్యూరిటీ దగ్గర ఒక పూట పోయినట్టే. 480 ఫ్లాట్లుండి 12 కావాలంటే 40కి ఒకటి. 1 నుంచి 40 లోపు చీటీ తీయండి. 17 వస్తే 17, 57, 97 అలా వెళ్లండి. ‘ఎవరు ఇంట్లో ఉంటే వాళ్లు’ అని సెక్యూరిటీ చూపించిన ఫ్లాట్లకు వెళ్లారంటే పగలు ఇంట్లో ఉండేవాళ్ల సర్వే అవుతుంది.

తాళం వేసి ఉంటే వేర్వేరు వేళల్లో మూడుసార్లు వెళ్లాలి: ఒక పనిరోజు సాయంత్రం ఏడు తర్వాత, శనివారం పొద్దున, ఆదివారం. అప్పుడే పక్క తలుపు. సంక్రాంతి, ఉగాది, దసరా వారాల్లో అసలు పెట్టుకోవద్దు. సగం ఇళ్లు ఊళ్లకు వెళ్తాయి, ఉన్న ఇళ్లలో పిండివంటలకు నూనె మామూలుకంటే ఎక్కువ పడుతుంది.

గుమ్మం దగ్గర

మొదటి మాట కన్నడంలో ఉండాలి, రెండోది ‘తెలుగు మాట్లాడతారా?’ అని. ‘మీరు తెలుగువాళ్లా?’ అని అడగొద్దు. తరాలుగా ఇక్కడే ఉన్న కుటుంబాలు ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూనే ‘మాది బెంగళూరే’ అంటాయి, మీరు వాళ్లను వదిలేసి వెళ్లిపోతారు. ఎంపిక ప్రశ్న ఇలా ఉండాలి: ‘ఇంట్లో ఒకరితో ఒకరు ఎక్కువగా ఏ భాషలో మాట్లాడుకుంటారు?’

ఈ పాత కుటుంబాల్లో చాలామందికి తెలుగు మాట వచ్చు, తెలుగు అక్షరం రాదు. బడి చదువు కన్నడంలోనో ఇంగ్లిష్‌లోనో సాగింది. తెలుగు లిపిలో అచ్చేసిన షోకార్డు (జవాబుల జాబితా ఉన్న అట్ట) చేతికిస్తే మొహమాటపడి తల ఊపుతారు, చదవలేనని అనరు. ఆ తర్వాత వచ్చే జవాబు కార్డు మీద మొదటి వరుసే. అందుకని ఫారంలో లేబుళ్లు తెలుగు, కన్నడం రెండింటిలో ఉండాలి, బ్రాండ్ల కార్డు మీద ప్యాకెట్ల ఫొటోలే ఉండాలి, ప్రశ్న మాత్రం తెలుగులో నోటితో చదవాలి.

పిలుపు సంగతి చిన్నదిగా అనిపిస్తుంది గానీ తలుపు తెరిపించేది అదే. కోస్తా నుంచి వచ్చినవాళ్లకు ‘అండీ’ లేకపోతే మాట మొరటుగా వినబడుతుంది. అనంతపురం, చిత్తూరు, కోలారు వైపువాళ్లకు ‘అక్కా’, ‘అన్నా’ దగ్గరగా ఉంటాయి, ప్రతి వాక్యానికీ ‘అండీ’ తగిలిస్తే ఏదో అమ్మడానికి వచ్చారనుకుంటారు. ఎదుటివాళ్లు ఎలా పలికారో విని అలా మారగలిగే వాళ్లనే పంపండి.

పరిచయం ముప్పై సెకన్లు దాటకూడదు: ‘నమస్కారం. మేం వంట నూనె వాడకం గురించి సర్వే చేస్తున్నాం. అమ్మడానికి ఏమీ లేదు. పదిహేను నిమిషాలు పడుతుంది. ఇష్టం లేని ప్రశ్న వదిలేయొచ్చు, మధ్యలో ఆపేయొచ్చు. సరిచూసుకోడానికి మాత్రమే ఫోన్ నంబర్ అడుగుతాం.’ 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అడిగేదీ దాదాపు ఇదే: ఏ సమాచారం, ఎందుకు, వెనక్కి తీసుకునే దారేది అన్నది స్పష్టంగా చెప్పి ఒప్పుదల తీసుకోవాలి. ఆ చట్టం లెక్కలో 18 నిండనివాళ్లు పిల్లలే. తలుపు తీసిన ఇంటర్ కుర్రాడితో ఫారం నింపేసుకోకండి.

నూనె సర్వేలో మాట్లాడాల్సింది ఏం కొనాలో తేల్చే మనిషితో. ఇంటాయన డబ్బు కడతాడు కాబట్టి తనకే తెలుసనుకుంటాడు, లోపలి నుంచి ‘అది ఎప్పుడో మానేశాం’ అని గొంతు వినబడుతుంది. ఆ గొంతు మీద ప్రశ్నలు పెట్టండి. కానుక ఇవ్వదలిస్తే చివర్లో ఇవ్వండి, అదీ నూనె ప్యాకెట్ కాకుండా.

మాటల్లో మెలికలు

ఒక్క వేరుశనగ నూనె దగ్గరే ఎంత గందరగోళం ఉందో చూడండి. తెలంగాణవాళ్లకు పల్లీలు. కృష్ణా, గుంటూరు వైపు వేరుశనక్కాయలు. రాయలసీమలో చెనక్కాయలు, కొన్నిచోట్ల బుడ్డలు. బసవనగుడిలో కార్తీకం చివరి సోమవారం జరిగే పరిషెలో (జాతరలో) కొనేవి కన్నడంలో కడలెకాయి. చాలా ఇళ్లలో ‘శనగ నూనె’ అంటే వేరుశనగ నూనే, కానీ ‘శనగలు’ అంటే పప్పుశనగలు. ఇక ‘మంచి నూనె’ అన్నారా, నిఘంటువులో అది నువ్వుల నూనె. కొన్ని ఇళ్లలో వేరుశనగ, ఇంకొన్నిట్లో దీపానిది కాక కూరలో వేసే నూనె ఏదైనా మంచి నూనే. ‘రిఫైండ్’ అంటే పొద్దుతిరుగుడు అనుకునేవాళ్లు కొల్లలు. దీనికి మందు ఒకటే: ‘ప్యాకెట్ గానీ డబ్బా గానీ ఒకసారి చూపిస్తారా?’ చూసి, పేరూ పరిమాణమూ మీరే రాసుకోండి. గానుగ దగ్గర సీసాలో పట్టించుకుంటే ‘ఏ గింజ?’ అని అడగండి.

పరిమాణం ఇంకా మోసగత్తె. నోటితో ‘లీటరు ప్యాకెట్’ అన్నది అన్నిసార్లూ లీటరు కాదు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. దానికంటే తక్కువ పట్టే పౌచ్‌లు అదే సైజులో కనబడతాయి. పదిహేను కిలోల టిన్ను పదహారున్నర లీటర్ల దాకా వస్తుంది. కిలో, లీటరు విడి గడులు పెట్టి, మార్చే పని ఫారానికే అప్పగించండి.

‘పోయిన నెల ఎంత కొన్నారు?’ అని అడిగితే అయిదు లీటర్ల డబ్బా కొన్న ఇల్లు 5 అంటుంది, అంతకు ముందు నెల కొన్న ఇల్లు సున్నా అంటుంది. వాడకం తెలియాలంటే ‘ఈ సైజు డబ్బా ఎన్ని రోజులు వస్తుంది?’ అనాలి. అయిదు లీటర్లు 40 రోజులు వస్తే 30 రోజులకు 3.75. భాగాహారం జవాబు చెప్పేవాళ్ల చేత చేయించకూడదు.

‘ధర, నాణ్యత బాగున్నాయా?’ అన్నది రెండు ప్రశ్నలు, విడగొట్టండి. ఆప్షన్లు నోటితో చదివి వినిపిస్తే చివర విన్నది ఎంచుకుంటారు, కార్డు మీద చూపిస్తే పైన ఉన్నది. అందుకని ఇంటింటికీ వరుస మారేలా పెట్టాలి. ‘గట్టిగా అంగీకరిస్తున్నాను’ లాంటి వాక్యాలు మనుషులు మాట్లాడేవి కావు. ‘పూర్తిగా ఒప్పుకుంటా, కొంతవరకు ఒప్పుకుంటా, ఎటూ చెప్పలేను, అంతగా ఒప్పుకోను, అస్సలు ఒప్పుకోను’ అంటే సాఫీగా సాగుతుంది.

‘ఇంకొకరికి సిఫారసు చేస్తారా?’ అని సున్నా నుంచి పది దాకా మార్కులు వేయించి, 9, 10 వేసినవాళ్ల శాతంలోంచి 0 నుంచి 6 వేసినవాళ్ల శాతం తీసేసే నెట్ ప్రమోటర్ స్కోరు 2003 నుంచీ కంపెనీలకు బాగా ఇష్టం. మన బడుల్లో 35 వస్తే పాస్, 60 వస్తే ఫస్ట్ క్లాస్. పదికి ఆరు వేసినావిడ మెచ్చుకుంటోంది, లెక్కలో మాత్రం అసంతృప్తిపరురాలి ఖాతాలో పడుతోంది. ఈ స్కోరు తప్పనిసరైతే పక్కనే ‘ఎందుకు ఆరు?’ అని ఒక ఖాళీ గడి పెట్టండి. తెలుగిళ్ల స్కోరును వేరే దేశం స్కోరుతో పోల్చడం దండగ.

ఆదాయం సూటిగా అడిగితే తలుపు మూసుకుంటుంది. ఇళ్లను స్థోమతను బట్టి విడదీయడానికి 2011లో వచ్చిన ఎన్‌సీసీఎస్ (న్యూ కన్స్యూమర్ క్లాసిఫికేషన్ సిస్టమ్) పద్ధతి ఇందుకు పనికొస్తుంది: ఇంటికి ముఖ్య సంపాదన తెచ్చే మనిషి చదువు, 11 వస్తువుల్లో ఎన్ని ఉన్నాయి అన్న రెంటితో ఎ1 నుంచి ఇ3 దాకా 12 తరగతులు. ఆ పదకొండులో వ్యవసాయ భూమి కూడా ఉంది. బెంగళూరు ఫ్లాట్‌లో ఉన్నవాళ్లకు ఊళ్లో నాన్న పేరున మూడెకరాలుంటే ‘ఉంది’ అనాలా? దీని మీద శిక్షణ రోజునే ఒక నిర్ణయం రాసిపెట్టి అందరిచేతా ఒకేలా పాటింపజేయాలి.

ఫారం కట్టడం

ఫోన్‌లో సర్వే నడిపే యాప్ ఓడీకే అయినా కోబో అయినా ఎక్స్‌ఎల్‌ఎస్ ఫారమే, అంటే ఎక్సెల్ ఫైల్‌లో రాసే ఫారం. సర్వే, ఛాయిసెస్, సెట్టింగ్స్ అని మూడు షీట్లుంటాయి. లేబుల్ ఏ భాషలోనైనా రాసుకోవచ్చు గానీ వేరియబుల్ పేరు (ప్రశ్నకు డేటాలో ఉండే పేరు) మాత్రం చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో, ఆప్షన్ కోడ్ ఆ అక్షరాల్లో గానీ అంకెల్లో గానీ, ఖాళీలు లేకుండా ఉండాలి. పాత అను ఫాంట్లలో టైప్ చేసిన ప్రశ్నాపత్రం ఇస్తే నేరుగా అతికించకండి. అది యూనికోడ్ (ఫోన్లన్నీ చదివే అక్షర పద్ధతి) కాదు, ఫోన్‌లో చెత్త అక్షరాలు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చాక వత్తులు ఒకసారి కళ్లతో చూడండి.

మొదట్లో చెప్పిన పదమూడున్నర లీటర్ల కథ ఇక్కడిదే. ‘తెలీదు’కి 99 అని కోడ్ పెట్టారు. తొమ్మిది ఇళ్లు నాలుగేసి లీటర్లు, పదో ఇల్లు తెలీదంది. 36కి 99 కలిపితే 135, పదితో భాగిస్తే 13.5. అంకెల గడిలో ‘తెలీదు’ ఉండకూడదు. ముందు ‘చెప్పగలరా?’ అని విడి ప్రశ్న, అవునంటేనే గడి తెరుచుకోవాలి. హద్దు కూడా పెట్టండి, కానీ గట్టి హద్దు కాదు. 20 లీటర్లు దాటితే ‘నిజమేనా?’ అని మళ్లీ అడిగేలా చాలు. కర్రీ పాయింట్ నడిపే ఇల్లు ఒకటి తప్పకుండా తగులుతుంది. ఫారం 20 దాటనివ్వకపోతే కుర్రాడు 20 వేసి ముందుకు పోతాడు.

పని మధ్యలో ఆప్షన్ కోడ్‌లు కదపడం మహాపాపం. మూడో రోజు కొత్త బ్రాండ్ చేర్చాలంటే చివర కొత్త కోడ్‌తో చేర్చండి. మధ్యలో దూర్చి 4ని 5 చేస్తే మొదటి రెండు రోజుల 4, తర్వాతి రోజుల 4 వేర్వేరు నూనెలు. కొత్త వెర్షన్ పంపాక అందరి ఫోన్లలో దిగిందో లేదో వెర్షన్ నంబర్ చూసి మరీ వదలండి. అసలు పనికి ముందు పదిహేను ఇరవై ఇళ్లలో పైలట్ (చిన్న ప్రయోగం) చేస్తే ఈ మార్పుల అవసరం చాలావరకు పడదు.

ఫోన్‌లు

తేదీ, సమయం ఆటోమేటిక్‌లో ఉండాలి, లేకపోతే ఇంటర్వ్యూ నిడివి లెక్కంతా వృథా. సర్వే యాప్‌కి బ్యాటరీ ఆదా సెట్టింగ్ తీసేయండి. ఓడీకే కలెక్ట్ మామూలుగా అయిదు మీటర్ల కచ్చితత్వం వచ్చేదాకా లొకేషన్ కోసం తిరుగుతూ ఉంటుంది. కాంక్రీటు ఫ్లాట్ లోపల అది రాదు, ఎదురుగా కూర్చున్నావిడకు విసుగొస్తుంది. పరిమితి 20 మీటర్లకు పెంచి, లొకేషన్ గేటు దగ్గరే తీసుకోండి. జీపీఎస్ అంతస్తును నమ్మకంగా చెప్పదు, ఫ్లాట్ నంబర్ చేత్తో రాయాల్సిందే.

మే నెల సాయంత్రాలు, సెప్టెంబర్, అక్టోబర్‌లలో జిప్ కవర్, గుడ్డముక్క తప్పనిసరి. తడి స్క్రీన్ తనకు తానే ఆప్షన్లు నొక్కుకుంటుంది. ఫోన్ నెమ్మదించిందని యాప్ తీసి మళ్లీ వేసుకోవడం, స్టోరేజ్ క్లియర్ చేయడం రెండూ నిషేధం. పంపని ఫారాలన్నీ దాంతోపాటే పోతాయి.

రోజూ రాత్రి మూడు అంకెలు సరిపోవాలి: పుస్తకంలో రాసుకున్న ఇళ్లు, ఫోన్‌లో పూర్తయిన ఫారాలు, సర్వర్‌కు చేరినవి. ఎనిమిది, ఎనిమిది, ఏడు అని వస్తే ఆ ఒక్క ఫారం ఎక్కడ ఆగిందో తేలాకే పడుకోవాలి.

ఆ తర్వాత నిడివి. పదిహేను నిమిషాల ఫారం అయిదు నిమిషాల్లో అయిపోతే ఎవరో ఆటోలో కూర్చుని నింపారు. ఇంకో నాజూకైన దొంగతనం ఉంది. ‘గత ఆరు నెలల్లో బ్రాండ్ మార్చారా?’కి అవునంటే పన్నెండు ప్రశ్నలు తెరుచుకుంటాయి, లేదంటే తప్పించుకోవచ్చు. మూడో రోజుకి ఈ సంగతి కుర్రాళ్లకు తెలిసిపోతుంది. ఒక్కొక్కరి ‘లేదు’ శాతం రోజువారీగా గీసి చూడండి. మొదటి రోజు సగం, నాలుగో రోజు తొంభై అయితే నూనె మార్కెట్ మారలేదు. దీనికి విరుగుడు తిట్లు కాదు, లేదన్నవాళ్లకూ అన్నే ప్రశ్నలుండేలా ఫారం కట్టడం.

పదింట ఒక ఇంటికి వేరే మనిషి మళ్లీ ఫోన్ చేయాలి. మారని సంగతులు మాత్రమే అడగాలి: ఇంట్లో ఎందరు, ఏ నూనె చూపించారు, ఎంతసేపు కూర్చున్నారు. తెలియని నంబర్ ఎవరూ ఎత్తరు కాబట్టి ఏ నంబర్ నుంచి, ఏ రోజు వస్తుందో గుమ్మం దగ్గరే చీటీ ఇచ్చి రావాలి.

దించుకున్నాక

సర్వర్ నుంచి దించిన సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడగొట్టిన పట్టిక) మీద రెండుసార్లు నొక్కి ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు జవాబులు వింత గుర్తులవుతాయి. డేటా పోలేదు, తెరిచిన తీరు తప్పు. ఖాళీ షీట్ తెరిచి, డేటా మెనూలోంచి టెక్స్ట్ ఫైల్ దిగుమతి ఎంచుకుని, ఎన్‌కోడింగ్ 65001 యూటీఎఫ్-8 పెట్టండి. అక్కడే ఫోన్ నంబర్, ఇంటి నంబర్ నిలువు వరుసలకు ‘టెక్స్ట్’ అని చెప్పాలి. లేకపోతే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, ఇరుకు గడిలో పెద్ద నంబర్లు 9.8ఇ+09 అని కనబడతాయి, 3-4 అన్న ఇంటి నంబర్ ఏప్రిల్ నెల తేదీగానో మార్చి నెల తేదీగానో మారుతుంది. ఇలా పాడైన ఫైల్‌ని సేవ్ చేస్తే అసలు నంబర్ మళ్లీ రాదు కాబట్టి సర్వర్ నుంచి దించిన ఫైల్‌ని చదవడానికి మాత్రమే అని గుర్తు పెట్టి పక్కన ఉంచి, నకలు మీద పనిచేయండి.

‘ఇతరాలు’ గడి తప్పకుండా చదవాలి. అక్కడ ‘చెనిగ్గింజల నూనె’, ‘పల్లీ’, ‘కడలెకాయి’ అని మూడు రకాలుగా దాక్కున్నది ఒకే నూనె. అవన్నీ వేరుశనగ కోడ్‌కి చేర్చి, ఏది ఎక్కడికి చేర్చారో ఒక షీట్‌లో రాసిపెట్టండి.

ఫోన్ నంబర్లు, చిరునామాలు మొదటి రోజు నుంచే వేరే ఫైల్‌లో ఉండాలి, రెంటినీ కలిపేది ఇంటి కోడ్ ఒక్కటే. తిరిగి ఫోన్ చేసే పని అయిపోయాక ఆ ఫైల్ చెరిపేయండి. కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపులో పడిన ప్యాకెట్ ఫొటోలు కూడా. వాటిలో వంటగట్టు మీద కరెంటు బిల్లో గ్యాస్ బుక్కో ఒకటి కనబడుతూనే ఉంటుంది.